నిద్ర వల్ల కలిగిన నష్టం

పడక 4019
పడుకున్నది: రెండో షిఫ్టు సైరన్ కూయగానే.
లేచింది: మూడో షిఫ్టు సైరన్‌కు అరగంట ముందు.
నిద్ర వల్ల కలిగిన నష్టం: ఏడున్నర గంటల పాటు గట్టయ్య మాటలు వినలేకపోయాను.

పై మూడు గీతలు నింపడం నా సరదా కాదు, రూలు. నేల కింద ఈ మూడో మెట్టులో రెండువేల పైచిలుకు జనం ఉంటే, ఆరేళ్ళు దాటి ఇంకా నిద్రపోతున్న మనిషిని నేనొక్కణ్ణే. అందుకని ఆఫీసు వాళ్ళు నాకొక రిజిస్టరు ఇచ్చారు. ఎప్పుడు పడుకున్నాను, ఎప్పుడు లేచాను, దానివల్ల ఊరికి ఏం నష్టం జరిగింది, రోజూ రాయాలి. కింద మిగిలిన ఖాళీ జాగా 'వివరణ' కోసం. పదకొండేళ్ళుగా ఎవరూ చదవడం లేదని తెలిశాక వివరణ కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

పిల్లులు పదహారు గంటలు పడుకుంటాయి. వాటికి రిజిస్టరు లేదు.

ఇవాళ లేవగానే టీ కోసం గట్టయ్య హోటల్‌కు పోయాను. గట్టయ్య నాకంటే నాలుగేళ్ళు చిన్న, నోరు మాత్రం నలభై ఏళ్ళు పెద్ద. టీ గిన్నె పొయ్యి మీద మరుగుతోంది. పక్కనే, అదే బండ మీద, గట్టయ్య తన చంక కింద వేలాడే తిత్తి విప్పి దాని మూతి పిండుతున్నాడు. బూడిదరంగు మడ్డి తీగలు తీగలుగా డబ్బాలోకి జారుతోంది. కుళ్ళిన కోడిగుడ్డూ తడిసిన గోనెసంచీ కలిపితే ఎట్లా ఉంటుందో అట్లాంటి కంపు. పిండి పిండి, బొటనవేలుకు అంటినది లుంగీకి తుడిచి, అదే చేత్తో నా గ్లాసు అందుకున్నాడు.

"చేతులు కడుగురా సామీ" అన్నాను.

"ఏందన్నా, నా మెదడులకెళ్ళి వచ్చిందే గదా. పరాయిదా?" అన్నాడు గట్టయ్య.

ఈ తిత్తీ దాని గొట్టం సంగతి ఒక ముక్క రాయాలి. నిద్రలో మెదడు తన మురికి తానే కడుక్కుంటుందట. ఆ కడుగుడు పనిని గొట్టానికి అప్పజెబితే ఇక నిద్రెందుకు అని ఎవడో తెలివైనవాడు అనుకున్నాడు. మెడ వెనక పుర్రె కింద రంధ్రం, దానికొక మూత, సన్నటి గొట్టం, చంకలో తిత్తి. పదకొండేళ్ళ కింద అందరికీ బిగించారు. నాకూ బిగించారు. నా రంధ్రం మూడుసార్లు చీము పట్టింది. నాలుగోసారి డాక్టరు దండం పెట్టి, 'నిద్రపోతు, వైద్య కారణం' అని కార్డు రాసిచ్చాడు. ఆ చీము మీద ఒట్టు, నా జీవితంలో నాకు కలిగిన పెద్ద అదృష్టం అదే.

గట్టయ్య టీ పోస్తూ పోస్తూ ఆగిపోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, లోపల మనిషి లేడు. కింది పెదవి మీంచి చొంగ జారింది. టీ గ్లాసు నిండి, బండ నిండి, నేల మీద పడుతోంది. మూడు శ్వాసల తర్వాత మనిషి తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు "...అందుకే చెప్తున్న" అన్నాడు. ఏం చెబుతున్నాడో వాడికీ తెలియదు. దీన్ని వీళ్ళు మినుకు అంటారు. దీపం మినుక్కుమన్నట్టు. అందరికీ వస్తుంది కాబట్టి ఎవరూ జబ్బు అనరు. అందరి ముక్కులూ కారే ఊళ్ళో చీమిడి అలంకారమవుతుంది.

టీ తాగకుండా వచ్చేశాను.

పడక 4021
పడుకున్నది, లేచింది: మామూలే.
నష్టం: ఒక కల. ఆవు నా చెప్పులు వేసుకుని పోయింది. లేచాక చెప్పులు ఉన్నాయి, కాబట్టి నష్టం లేదు.

నీలవ్వ వెంట తొమ్మిదో సొరంగానికి పోయాను. ఇంకో పదకొండు రోజుల్లో అక్కడికి నలభై కుటుంబాలు కాపురానికి వస్తున్నాయి.

నీలవ్వ నా దోస్తు లింగయ్య బిడ్డ. లింగయ్య పోయాక నా దగ్గరే పెరిగి, నా చేతి కర్ర అందుకుంది. కర్ర అంటే ఊతకర్ర అనుకునేరు. ఆరడుగుల వెదురు, చివర ఇత్తడి పొన్ను. మా తాతలు బొగ్గు తవ్విన కాలం నుంచీ వస్తున్న పని ఇది. పైన ఎండకు మనిషి నిలవలేని రోజులొచ్చాక వాళ్ళు తవ్వి వదిలిన సొరంగాల్లోకే మేము ఇళ్ళు దించుకున్నాం కాబట్టి, పనీ మాతోపాటే దిగింది. కర్రతో కప్పు రాయిని తట్టి వినాలి. గట్టి రాయి కంచు పళ్ళెంలా ఖంగుమంటుంది. లోపల పొర విడిచిన రాయి ముదిరిపోయిన గుమ్మడికాయలా బొద్దుమంటుంది. మంచిదైతే 'పలికింది' అంటాం. చెడ్డదైతే 'బోలు' అంటాం. కర్ర పట్టినవాళ్ళ నోట 'పలికింది' అనే మాట వచ్చేదాకా మేనేజరైనా, మేనేజరు బాబైనా ఆ కప్పు కింద కాలు పెట్టడానికి లేదు. ముప్పై ఏళ్ళు ఆ మాట నేను అన్నాను. భుజం లేవక మానేశాను.

(నేను బడికి పోలేదు. గని గోడల మీద 'ప్రమాదం' 'ఆగుము' 'ముందు కప్పు, తర్వాత తిండి' అని రాసిన బోర్డులు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే నా రాత ఇప్పటికీ ఎవర్నో అదిలిస్తున్నట్టుంటుందని లింగయ్య అనేవాడు.)

రివాజు ప్రకారం పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి తట్టాలి. పోయేటప్పుడు నీలవ్వ గబగబా తట్టుకుంటూ పోయింది, ప్రతి దెబ్బకూ పలికింది, పలికింది అంటూనే. వచ్చేటప్పుడు నేను వంగి పలక మీద గుర్తులు రాసుకుంటున్నాను. కప్పు బొద్దుమంది. నా మెడ పైకి లేవాలంటే ఒక సైరన్ కావాలి. లేచేసరికి ఆమె కర్ర, కప్పుకు వరసగా దిగ్గొట్టిన బోల్టుల్లో నాలుగోదాని దగ్గరుంది, నోరు 'పలికింది' అంటోంది.

"ఆగవే. మళ్ళ కొట్టు ఆడ."

కొట్టింది. నాకు మళ్ళీ బోలుగానే అనిపించింది.

"ఏమన్నది?"

"పలికింది గదా పెద్దబాపూ."

"బోలే అది!"

నీలవ్వ నా మొహం చూసింది. ఎగతాళి లేదు, కోపం లేదు. "నాకు రెండూ ఒక్కతీరే ఇనబడ్తున్నయ్" అంది మెల్లగా. అని, అక్కడే మినుకు పడింది. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, కర్ర పైకెత్తి, కళ్ళు తెరుచుకుని, పెదవి వేలాడేసుకుని, దిష్టిబొమ్మలాగ.

ఆమె చేతిలోంచి కర్ర దించి, తిరిగొచ్చేదాకా పక్కన నిలబడ్డాను.

పడక 4022
నష్టం: లేదు. ఉంటే బాగుండేది, ఇవాళ మేలుకుని చూసినవి చూడకపోదును.

ముందు మేనేజరు వేణుమాధవ్ దగ్గరికి పోయాను. ఆయన ఆఫీసులో గోడ నిండా ఒకటే పటం: నవ్వుతున్న కుటుంబం, కింద 'నిద్ర మానిన ఊరు, నిలబడ్డ ఊరు'. ఆ నవ్వుతున్నవాళ్ళ కళ్ళ కింద నలుపును రంగు పూసి చెరిపేశారు. పూసినవాడికి మినుకు పడి ఉంటుంది, పటంలో పిల్లకు మూడు కనుబొమలున్నాయి.

"మొండయ్య గారూ, కప్పు మీటరు పచ్చగా ఉంది" అన్నాడు.

"మీటరు బిగించిన చోటు సంగతే మీటరుకు తెలుస్తది సార్. రాయి అంత మర్యాదస్తురాలు కాదు, మీటరు కాడనే ఇరగనీకి."

"నీలవ్వ ఏమంది?"

"పలికిందన్నది."

"లైసెన్సు ఎవరిది?"

"ఆమెదే."

"మీది?"

నాకు లేదు. గొట్టం లేనివాళ్ళకు లైసెన్సు ఉండదు. నిద్రపోతు మాట రికార్డులో చెల్లదు. రెండు రూల్సూ కలిసి నా నోరు మూశాయి. అంటే తొమ్మిదో సొరంగాన్ని ఆపగలిగిన మనిషి ఊరంతటికీ ఒక్కతే, ఆమెకు వినపడటం లేదు.

తిరిగొచ్చి వంటింట్లో రెండు కుండలు దించాను. ఒకటి మంచిది, ఒకదానికి వెంట్రుకంత పగులు. సంతలో ముసలమ్మలు కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారే, అదీ పరీక్ష. నీలవ్వను వెనక్కి తిరిగి కూర్చోమని, ఒక్కోటి కొట్టాను. పది దెబ్బల్లో ఐదు తప్పు చెప్పింది. అంటే చెవులు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

"మల్ల కొట్టు" అంది.

మళ్ళీ ఐదే.

"నాకు దూరంల బొట్టు పడ్డా ఇనబడ్తది పెద్దబాపూ. చెవులు మంచిగనే ఉన్నయ్."

"చెవులు మంచియే బిడ్డా. చెవుల ఎనకాల కూసుండి వినేటోడు పదకొండేండ్ల సంది పండుకోలే. వాడికి కంచైనా గుమ్మడికాయైనా ఒకటే."

చాలాసేపు కుండల వంక చూసింది. ఆరేళ్ళప్పుడు కప్పు చప్పుడు విని 'రాయి నవ్వింది' అని చెప్పిన పిల్ల. "ఎన్నిసార్లు అన్ననో పలికిందని" అంది. "పోయిన ఏడాది ఐదో సొరంగం. అంతకుముందు బడి. నేను అన్ననని అందరు పోయి కూసున్నరు ఆ కప్పుల కింద."

కుండలు తీసి పక్కన పెట్టబోతే నా చెయ్యి పట్టుకుంది.

"నిద్ర ఎట్ల పోతరు?" అని అడిగింది.

పడక 4023
నష్టం: పడక సగం. మిగతా సగం శిష్యురాలికి ఇచ్చాను.

ఎట్ల పోతారని అడిగితే ఏం చెప్పాలి? నడక ఎట్లా అని జెర్రిని అడిగినట్టుంది. ఎన్నడూ ఆలోచించలేదు. ఇవాళ నా అలవాట్లను నేనే బల్ల మీద పరిచి చూసుకున్నాను.

ముందు దీపం. మూడో మెట్టులో దీపాలకు స్విచ్చులు తీసేసి పదకొండేళ్ళయింది. నా గదిలో బల్బుకు మసి పూసి, పైన గోనెసంచి కట్టాను. నీలవ్వ ఆ చీకట్లోకి అడుగుపెట్టి "అమ్మో, నా చేతులు ఏడ వోయినయ్" అంది. మణికట్టుకు కట్టుకున్న అద్దం తెర విప్పించి బయట అల్మారాలో పెట్టి తాళం వేశాను. ఆ తెర వెలుతురు కంట్లో పడితే ఒళ్ళు ఇంకా పగలే అనుకుంటుంది. టీ మొదటి షిఫ్టు సైరన్ వరకే, ఆ తర్వాత చుక్క లేదు. పడుకునే గంట ముందు తిండి ముగించాలి. గోరువెచ్చని నీళ్ళతో కాళ్ళు కడుక్కోవాలి. రోజూ అదే సైరన్‌కు పడక, అదే సైరన్‌కు ముందు లేవడం, నిద్ర పట్టినా పట్టకపోయినా.

తర్వాత నీలవ్వ గొట్టం పారకుండా మెడ వెనక మూత బిగించింది. తిత్తిలో ఆఖరుగా దిగింది చూశాను. ఇన్నాళ్ళూ బూడిదరంగు చూసిన కళ్ళకు ఇది వేరు. ఇంజన్ నూనెలా నల్లగా, మధ్యలో జిగట ముద్దలు. పారబోసిన డబ్బా మూడుసార్లు కడిగినా కంపు పోలేదు, డబ్బానే పారేశాను. దీన్నా మెదడు కడుగుడు అంటారు? ముంతతో నదిని తోడినట్టు. పైపైన తేలిన నురుగు తీసేసి, అడుగున పేరుకున్నది పేరుకున్నట్టే వదిలేసింది గొట్టం, పదకొండేళ్ళు. గట్టయ్య లోపలా ఇదే. మేనేజరు లోపలా ఇదే. వీళ్ళతో రోజూ చేతులు కలిపాను. ఛీ.

నీలవ్వ గంట సేపు బల్లిలా పైకి చూస్తూ పడుకుంది.

"వస్తలేదు."

"పిలిస్తే రాదు అది. లేచి కూసో."

బయట దీపం కింద కూర్చోబెట్టి చేటలో బియ్యం పోసి రాళ్ళు ఏరమన్నాను. నిద్ర రానప్పుడు మంచం మీద దొర్లితే మంచానికి, మనిషికి పగ పుడుతుంది. బియ్యం అయిపోయాయి. కందిపప్పు ఇచ్చాను. అదీ అయిపోయింది. అంత శుభ్రమైన పప్పు నేను ఈ మధ్య తినలేదు.

ఇంకో చిక్కు ఉంది. షిఫ్టు గేటు దగ్గర తిత్తి హాజరు. తిత్తిని కాటా మీద పెట్టి తూకం చూస్తారు. ఖాళీ తిత్తి అంటే గొట్టం మూసినట్టు, అంటే లైసెన్సు రద్దు. అందుకని గట్టయ్య హోటల్ వెనక పారబోసే పాత టీ పొడి తెచ్చి, రాగి అంబలిలో కలిపి, నీలవ్వ తిత్తిలో పోశాను. కాటావాడు వాసన చూసి మరీ "మంచిగ దిగుతున్నదక్కా, ఆరోగ్యం" అన్నాడట.

గట్టయ్య టీకీ మెదడు మురికికీ తేడా తెలియని ఊరు. ఆ టీ తాగినవాణ్ణిగా నేను ఒప్పుకుంటాను, తేడా పెద్దగా లేదు.

పడక 4025
నష్టం: కుడి చెవి కాసేపు. నీలవ్వ అరిచింది.

పట్టింది! మొదట పావుగంట. ఈసారి రెండు గంటలు. నేను గడప బయట కూర్చుని ఊపిరి లెక్కపెడుతున్నాను. ఉన్నట్టుండి కేక.

"పిచ్చి లేసింది నాకు, పెద్దబాపూ! డాక్టర్‌ను పిలువు!"

"ఏమైందే?"

"మా అవ్వ వచ్చింది. సచ్చిపోయిన మా అవ్వ! చేపల పులుసు వండింది. గిన్నెల చేపలు లేచి నన్ను హాజరు అడిగినయ్."

పద్దెనిమిదేళ్ళకు గొట్టం పెట్టారు ఆమెకు. కల అనేది ఒకటుంటుందని మరిచిపోయింది. కల అని చెప్పాను. నమ్మలేదు. నా ఆవూ చెప్పులూ సంగతి చెప్పాను. కాసేపు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. "మా అవ్వ గొంతు గట్లుంటదని యాదికే లేదు నాకు" అని మళ్ళీ అదే చీకట్లోకి తానే పోయి పడుకుంది.

పడక 4028
నష్టం: పరువు. మధ్యలో పోయింది, ఎక్కడ పడిందో తెలియదు.

గట్టయ్యకు తెలిసిపోయింది. తన పాత టీ పొడి నేను దొంగతనంగా తీసుకుపోతున్నానని పట్టుకున్నాడు. ఎందుకో చెప్పక తప్పలేదు.

"చదువుకున్న పిల్లను నీ తీరు నిద్రపోతును చేస్తివా? థూ! మీదికెళ్ళి నా టీని మడ్డి అంటవా?" ఏది ఎక్కువ నొప్పించిందో చెప్పలేను.

"గట్టయ్యా, ఆ కప్పు బోలురా."

"నీ తలకాయ బోలు. నేను ఆడ జాగ పట్టిన, తెలుసా? ఆరో బోల్టు కాడ మూల. ఎంత చల్లగుంటదో! నీలవ్వ పలికిందన్ననాడే ఉయ్యాల గూడ కట్టేసిన, ఇంకోడు రాకముందే."

ఉయ్యాల గట్టయ్య మనవరాలిది. ఏడు నెలల పిల్ల. పేరు వెన్నెల. వెన్నెల అనేదాన్ని ఒక్కసారీ చూడని వాళ్ళు పెట్టిన పేరు. ఆరేళ్ళు నిండేదాకా నిద్రపోవడానికి ఆ పిల్లకు రూలు ఒప్పుకుంటుంది కాబట్టి, సొరంగంలో అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువసేపు ఆ కప్పు కింద పడుకోబోయేది ఆ పిల్లే.

"మేనేజరుకు చెప్తవా?" అన్నాను.

"గృహప్రవేశం కానీ. ఇప్పుడు చెప్తే ఆపుతరు, నా మూల పోతది. తర్వాత చూస్త నీ పని." మధ్యలో మినుకు పడి, మళ్ళీ వచ్చి, "నీ పని" అని ఇంకోసారి అన్నాడు.

ఇంటికొస్తే నీలవ్వ కుండలు కొడుతోంది. పదికి ఏడు. మొహం కూడా మారింది, కళ్ళలో మనిషి కనబడుతోంది. ఆ మనిషి నన్ను ఒకటి అడిగింది.

"పదకొండేండ్ల సంది నువ్వొక్కనివే మంచిగ పండుకుంటున్నవ్. మేమంత ఇట్ల పాడైతుంటె చూస్తనే ఉన్నవ్ గదా. ఎందుకు చెప్పలే?"

రిజిస్టరులో ఎన్ని ఎగతాళులు రాశానో! ఒక్కరినైనా పిలిచి, 'ఇట్లా పడుకో, నేను కాపలా ఉంటా' అనలేదు. చొంగ కారే ఊళ్ళో పొడి గడ్డంతో తిరగడం నాకు హాయిగా ఉండింది. గొప్పగా ఉండింది. అందరి మురికీ చూసి ముక్కు మూసుకున్నవాణ్ణి, నా మురికి మాత్రం వాసన రాలేదు.

"అడగలేదు గదా ఎవలు" అన్నాను. ఎంత దరిద్రపు జవాబో అన్నాకే తెలిసింది.

పడక 4032
నష్టం: కింద చూడండి. నాదే.

గృహప్రవేశం. నలభై కుటుంబాలు తొమ్మిదో సొరంగం మూతి దగ్గర సున్నపు గీత వెనక నిలబడ్డాయి. పాలగిన్నెలు, పొయ్యిలు, వాలుకుర్చీలు. గట్టయ్య చంకన ఒక పక్క తిత్తి, ఇంకో పక్క వెన్నెల. నీలవ్వ తొమ్మిది రోజులుగా నిద్రపోతోంది. ఇవాళ కుండల పరీక్షలో పదికి పది.

రివాజు ప్రకారం గృహప్రవేశానికి ముందు ఆఖరిసారి కప్పు తట్టాలి కాబట్టి, చెప్పులు విప్పి, అందరూ మాటలు ఆపారు. నీలవ్వ కర్ర ఎత్తింది. మొదటి బోల్టు. "పలికింది." రెండు, మూడు. "పలికింది."

నాలుగో బోల్టు. నేను ఊపిరి బిగపట్టాను. మూడుసార్లు కొట్టింది. తల వంచి ఆలోచించింది.

"పలికింది."

జనం నా వంక తిరిగారు. మేనేజరు చిరునవ్వు నవ్వాడు. గట్టయ్య గట్టిగానే నవ్వాడు. నా చెవులకు కూడా ఖంగుమనే వినబడింది, దాచడం దేనికి? ఆ రోజు బొద్దుమన్న మాట నిజం, కాని నేను తల ఎత్తే లోపల ఆమె తిరుగుదారిలో ఎన్ని అడుగులు నడిచిందో! రెండోసారి కొట్టమన్నప్పుడు నేను విన్నది రాయిని కాదు, నా పంతాన్ని. బాగా నిద్రపోయినవాడు కూడా తనకు కావలసిందే వినగలడు. నన్ను చూస్తే నాకే రోత పుట్టింది.

ఐదో బోల్టు. "పలికింది." మేనేజరు రిబ్బను కత్తెర చేతిలోకి తీసుకున్నాడు.

ఆరో బోల్టు దగ్గర ఆమె ఆగింది. ఉయ్యాలను పక్కకు జరిపి ఒకసారి తట్టింది. ఎడమ అరచెయ్యి రాయికి ఆనించి ఇంకోసారి తట్టింది. ఆ అరచెయ్యి ఆనించడం నేను ఆమెకు చిన్నప్పుడు నేర్పింది. పదకొండేళ్ళలో మళ్ళీ చెయ్యగా చూడలేదు. అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి నడిచి, గీత దాటి వచ్చాక అప్పుడు అంది.

"బోలు."

"మీటరు పచ్చగా ఉంది నీలవ్వా" అన్నాడు మేనేజరు.

"మీటరు ఎనిమిదో బోల్టుకు ఉన్నది సార్. రాయి ఆరో బోల్టు కాడ ఇడిచింది."

"అది ఈ ముసలాయన నేర్పిన మాట."

"ఆయన నాలుగు అన్నడు. తప్పు. నేను ఆరు అంటున్న."

వేణుమాధవ్ ఒక నిమిషం ఆమె కళ్ళలోకి చూశాడు. అనుమానం వచ్చినట్టుంది, అంత తేటగా చూసే కళ్ళు ఊళ్ళో లేవు. "తిత్తి చూపించు" అన్నాడు.

నీలవ్వ తిత్తి విప్పి సున్నపు గీత మీద బోర్లించింది. అంబలి, టీ పొడి.

"ఇది గట్టయ్య చిన్నాయన హోటల్ టీ పొడి. తొమ్మిది రోజుల సంది నేను నిద్రపోతున్న. లైసెన్సు తీసుకుంటే తీసుకో సార్. ఇంకో కర్ర మనిషి రెండో మెట్టుకెళ్ళి దిగి వచ్చేదాక ఈ కప్పు కింద నా మాటే మాట. ఎవలు పోవద్దు."

గొడవ లేచింది. పాలు చల్లారుతున్నాయని ఒకరు, నిద్రపోతుల రాజ్యమా అని ఒకరు. గట్టయ్య "నా ఉయ్యాలన్న తెచ్చుకోనియ్యే" అంటూ గీత దాటబోయాడు. నీలవ్వ కర్ర అడ్డంగా పట్టింది. "వద్దు చిన్నాయనా. నీ కాళ్ళు మొక్కుత, వద్దు."

"నీ అయ్య జాగనా ఇది..." అన్నాడు గట్టయ్య. అక్కడే మినుకు పడింది. నోరు తెరిచి, కళ్ళు తెరిచి, లేడు. చంకలో చెయ్యి వదులైంది. వెన్నెల జారుతోంది. నా భుజం పదేళ్ళుగా లేవదు, ఎట్లా లేచిందో లేచింది. పిల్లను అందుకున్నాను.

మూడు శ్వాసల తర్వాత గట్టయ్య తిరిగొచ్చాడు. ఖాళీ చంక చూసుకున్నాడు. నా చేతుల్లో పిల్లను చూశాడు. ఇంత గొడవలోనూ ఆ పిల్ల పిడికిళ్ళు బిగించి హాయిగా నిద్రపోతోంది. గట్టయ్య ఏమీ అనలేదు. వాడు ఏమీ అనకపోవడం నా ఎరుకలో ఇదే మొదలు. గీత ఇవతలికి వచ్చి, నేల మీద కూర్చున్నాడు.

పడక 4033
పడుకున్నది: రెండో షిఫ్టు సైరన్ కూయగానే.
లేచింది: పడుకున్న నాలుగు గంటలకే, చప్పుడుకు.

నష్టం గీత ఖాళీ వదిలాను, చివర నింపుతాను.

రెండో మెట్టు మనిషి ఇంకా దిగనే లేదు. ఆరో బోల్టు దగ్గర కప్పు పడింది. పోయి చూశాను. బండి సైజు రాళ్ళు, దుమ్ము. రాళ్ళ కింద నుంచి, గట్టయ్య ఉయ్యాల కట్టిన ఎర్ర చీర గుడ్డ ముక్క ఒకటి బయటికి వేలాడుతోంది. లోపల మనిషి లేడు.

మధ్యాహ్నానికల్లా ఆఫీసు గోడ మీద నోటీసు. 'సిబ్బంది నిరంతర మెలకువ వల్ల, మీటర్ల అప్రమత్తత వల్ల ప్రమాదం తప్పినది. ఈ సందర్భంగా అందరి షిఫ్టు మరో గంట పెంచడమైనది.' రెండుసార్లు చదివాను, నేనే తప్పు చదివానేమోనని. కింద మేనేజరు సంతకం మధ్యలో ఆగి, గీతలా కిందికి జారి, మళ్ళీ మొదలైంది. మినుకులో చేసిన సంతకం. దాని మీద ఉమ్ముదామనుకున్నాను. ఇట్లాంటి గోడల మీదే కదా నేను అక్షరాలు నేర్చుకున్నది, ఊరుకున్నాను.

నీలవ్వ లైసెన్సు పోయింది. కర్ర మాత్రం ఆమె దగ్గరే ఉంది. అడగడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

ఇంటికొచ్చేసరికి గట్టయ్య గడపలో ఉన్నాడు. పిల్ల లేదు, వాళ్ళమ్మ దగ్గర వదిలి వచ్చాడట. చేతులు కడుక్కున్నాడు, మోచేతుల దాకా తడిగా ఉన్నాయి. చంకలో తిత్తి లేదు, కండువా మడిచి పెట్టుకున్నాడు, తలగడలాగ.

"అన్నా, బియ్యం రాళ్ళు ఏరాల్నట గదా."

"నిద్ర రాకపోతే ఏరాలె. ముందు కాళ్ళు కడుక్కో. టీ ఎప్పుడు తాగినవ్?"

"నిన్నటి సంది తాగలే." కాసేపు ఆగాడు. ఈసారి మినుకు కాదు. "పిల్ల చెయ్యి జారినప్పుడు నేను ఏడున్ననే?"

మూత ఎట్లా బిగించాలో చూపించి, గోనెసంచి కిందికి లాగి, గడప బయట కూర్చున్నాను. లోపల నీలవ్వ ఒక మూల, గట్టయ్య ఇంకో మూల. నాకు పడక లేదు. ఫరవాలేదు, నేను ముందే పడుకున్నాను. పదకొండేళ్ళు.

నిద్ర వల్ల కలిగిన నష్టం: ఒక ఉయ్యాల. ఖాళీది.